పసిబిడ్డల తల్లి: దినదిన కష్టసుఖములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున పుస్తకములను గూర్చియు, వానిని చేర్చిన పెద్దలను గూర్చియు మాటలాడుట ఆచారము. ఈ ప్రసంగమునకు ఎన్నుకొన్న విషయము పసిబిడ్డల తల్లి. ఈ రెంటికిని గల సంబంధము తెలియుటకు హైదరాబాదులోని సుల్తాన్ బజారు వరకు ఒకమారు పోయి రావలెను. తెలంగాణమున తెలుగు గ్రంథాలయోద్యమమునకు పునాది పడినది అచటనే. 1901 సెప్టెంబరు 1వ తేదీన రావిచెట్టు రంగారావు గారి ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు మున్నగు పెద్దలు దానికి అండగా నిలిచిరి. అప్పుడా వీధులకు రెసిడెన్సీ బజారని పేరు. 1933లో ఆ ప్రాంతము ఆంగ్లేయుల నుండి నిజాము ప్రభుత్వమునకు తిరిగి వచ్చిన పిమ్మట సుల్తాన్ బజారను పేరు స్థిరపడినది.

ఆ భాషానిలయమునకు పోవు పాఠకుడు నేటికిని బట్టల అంగళ్లను, గాజుల బండ్లను, జనసమ్మర్దమును దాటిపోవలెను. ఆ జనములో బిడ్డను చంకన బెట్టుకొన్న తల్లి అడుగడుగునను కనబడును. పెండ్లిబట్టలకై జిల్లాలనుండి వచ్చినవారు కొందరు. చేరువనున్న ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి వచ్చినవారు కొందరు. ఆ వీధులలోనే సరకు లమ్ముకొని బ్రదుకువారు కొందరు. పుస్తకముల యొద్దకు పోవు త్రోవలోనే ఆ తల్లి యున్నది. ఆమెను చూడక దాటిపోవుట చదువరికి తగదు.

ఏ సాయంకాలమైనను అచట చూడదగిన దృశ్య మొకటి కలదు. తల్లి చంకలో ఎనిమిది నెలల బిడ్డ, చేతిలో సంచి, కొంగు పట్టుకొని రెండున్నరేండ్ల పిల్లవాడు. వానికి బుడగల బండి కనబడినది. కావలెనన్నాడు, తల్లి వలదన్నది. వాడు నడివీధిలో చతికిలబడి ఏడ్పు లంకించుకొన్నాడు. ఇంతలో చంకబిడ్డయు ఏడ్చినది. అంగడివాడు చీర మడత విప్పి పట్టుకొని చూచుచున్నాడు. పోవువారిలో ఒకరు “అడిగినదెల్ల ఇచ్చి చెడగొట్టినది” అందురు. ఇంకొకరు “పాపము, ఒక బుడగ కొని ఈయరాదా” అందురు. మూడవవారు “మా కాలములో పిల్లలకు పెద్దలన్న భయముండెడిది” అందురు. ఆ మూడు మాటలును ఆమె చెవిని పడును. అప్పుడామె చేయునది రెండింటిలో నొకటి. వీపుమీద ఒకటి వేయును; లేదా బుడగ కొని చేతిలో పెట్టును.

ఇచట యోచింపవలసిన విషయ మొకటి కలదు. ఆ దెబ్బ పిల్లవాని తప్పునకు పడినది కాదు; చూచువారి కన్నులకు జడిసి పడినది. ఆ బుడగయు ప్రేమచే కొన్నది కాదు, సిగ్గుచే కొన్నది. తల్లి తన బిడ్డతో వ్యవహరించుటకు మారుగా లోకముతో వ్యవహరింపవలసి వచ్చినది. పసిబిడ్డల పెంపకములో సగము కష్టము బిడ్డలవలన వచ్చునది కాదు, చుట్టునున్నవారి తీర్పులవలన వచ్చునది. ఈ ప్రసంగము చెప్పదలచినది ప్రధానముగా నింతే. తక్కినదంతయు దీనికి వివరణము.

రెండేండ్ల పిల్లవాని మారామును పెద్దలు మొండితనమందురు. శిశువుల పెరుగుదలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు దానిని ఆ వయస్సునకు సహజమైన దశగా చెప్పుచున్నారు. ఆ వయసున కోరిక పెద్దది, మాట చిన్నది. “ఆకలిగా నున్నది, నిద్ర వచ్చుచున్నది, ఈ జనములో ఊపిరాడుటలేదు” అని చెప్పుటకు వానికి వాక్యములు లేవు. ఉన్నది ఏడ్పొక్కటే. తన్ను తాను పట్టుకొను శక్తి మెదడులో నెమ్మదిగా, ఏండ్ల తరబడి పెరుగును. అంతవరకు ఆ శక్తి తల్లినుండియే అరువు తెచ్చుకొనవలెను. కావున ఆ సమయమున దీర్ఘోపదేశము పనికిరాదు. వానిని ఎత్తుకొని జనమునుండి ప్రక్కకు తీసికొనిపోయి, “బుడగ కావలెనని నీకున్నది, నేడు కొనము” అని రెండు ముక్కలు చెప్పి, ఏడ్పు తగ్గువరకు దగ్గర నుండుటయే మందు. ఇచ్చుటయు వలదు, కొట్టుటయు వలదు. బయలుదేరుటకు ముందే కడుపునిండ పెట్టి, నిద్రవేళ తప్పించి బజారునకు పోయినచో సగము పేచీ తగ్గును. అయినను ఏదో యొకనాడు ఏడ్పు రాక మానదు. అది తల్లి ఓటమి కాదు.

ఇక తిండి సంగతి. తెలుగింట ఏ తల్లిని కదిపినను “మావాడేమియు తినడమ్మా” యను మాట వినవచ్చును. చందమామను చూపి ఒక ముద్ద, కాకిని చూపి ఒక ముద్ద, తాత పేర ఒక ముద్ద పెట్టి గంటసేపు కూర్చున్నను గిన్నె తరుగదు. నిన్న తిన్నవాడు నేడు తినడు. దీనికి కారణము కలదు. పుట్టిన బిడ్డ బరువు సుమారు ఐదు నెలలకు రెండింతలగును; ఏడాదికి మూడింతలగును. తరువాత ఆ వేగము తగ్గును. నాలుగింతలగుటకు ఇంకను ఏడాదికి పైగా పట్టును. పెరుగుదల నెమ్మదించినప్పుడు ఆకలియు నెమ్మదించును. ఈ సంగతి తెలియని తల్లి తన వంటను నిందించుకొనును. అత్తగారు కోడలి పాలను నిందించును. ఇరుగుపొరుగువారు దిష్టి తగిలినదందురు. తెలిసిన తల్లి ఎదుట పెట్టునది మంచిదిగా చూచుకొని, ఎంత తినవలెనో పిల్లవానికే విడిచిపెట్టును. ఆడుకొనుచు, నవ్వుచు, నెలనెలకు బరువు పెరుగుచున్న బిడ్డ ఒకపూట తినకున్నను భయములేదు. ఆట మాని, బరువు తగ్గి, నీరసించిన బిడ్డను మాత్రము వైద్యునకు చూపవలెను.

ఈ సందర్భమున మొదటి ఆహారమును గూర్చి ఒక మాట. బిడ్డ పుట్టిన గంటలోపల తల్లిపాలు పట్టవలెను. చిక్కగా, పసుపుపచ్చగా వచ్చు ముర్రుపాలను పిండి పారబోయు ఆచారము అనేక గ్రామములలో ఉండెడిది. బిడ్డకు రోగనిరోధక శక్తి నిచ్చు తొలి కానుక అదియే. ఆరు నెలలవరకు తల్లిపాలు తప్ప తేనెయు, పంచదారనీరును, ఉత్తనీరును పనిలేదు. ఆరు నెలలు నిండగనే మెత్తని అన్నము, పప్పు, నెయ్యి, ఉడికించిన కూరలు కొద్దికొద్దిగా అలవాటు చేసి, రెండేండ్ల వరకును పైనను పాలిచ్చుట మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

పెరుగుదలను కొలుచు విషయములో తెలుగువారి పూర్వాచారము ముచ్చటైనది. బిడ్డ బోర్లపడిన బొబ్బట్లు, అడుగు వేసిన అరిసెలు పంచుట. ఈ వేడుకలకు పంచాంగములో తిథి లేదు. బిడ్డ ఎప్పుడడుగు వేసిన అప్పుడే అరిసెలు. మన పెద్దలు కాలమును బిడ్డకు విడిచిపెట్టి, వేడుకను తాము సిద్ధము చేసికొనిరి. నేడు ఆ ఓర్పు తగ్గినది. “ప్రక్కింటి పాప నడచుచున్నది, నీ బిడ్డ ఇంకను పారాడుచున్నాడే” యను మాట తల్లికి ముల్లువలె గ్రుచ్చుకొనును. తొమ్మిది నెలలకే నడచు బిడ్డలు కలరు. పదునేడు నెలలకు నడచువారును కలరు. ఇద్దరును ఆరోగ్యవంతులే. పదునెనిమిది నెలలు నిండినను నడవనిచో వైద్యుని అడుగవలెను గాని, అంతవరకు పోలికలు పెట్టుట వ్యర్థము. రైతు నాటిన మరునాడు పైరును పెరికి వేరు చూడడు గదా!

రాత్రుల సంగతి తల్లులకే ఎరుక. పుట్టిన బిడ్డ దినములో పదునారు గంటలవరకు నిద్రించును. కాని ఆ నిద్ర ముక్కలు ముక్కలుగా నుండును. ఆ ముక్కల నడుమ తల్లి మేల్కొనవలెను. ఆరువారముల ప్రాయమున ఏడ్పు హెచ్చి, మూడు నాలుగు నెలలకు తగ్గుట పెక్కు బిడ్డలకు సహజము. పాలు పట్టినను, బట్ట మార్చినను, ఉయ్యాల ఊపినను ఆగని ఏడ్పు కొన్ని సాయంకాలము లుండును. అప్పుడు తల్లికి కోపము వచ్చును. వెనువెంటనే ఆ కోపమునకై దుఃఖము వచ్చును. నిద్రలేని దేహమునకు అది సహజము. కోపము మిక్కుటమైనప్పుడు బిడ్డను భద్రముగా పడకపై వెల్లకిల పరుండబెట్టి, కొన్ని నిమిషములు ప్రక్కకు పోయి చల్లబడుట మేలు. పసికందును పట్టి కుదుపుట మాత్రము ప్రాణాపాయకరము.

ప్రసవమైన మొదటి దినములలో కారణము లేకయే కన్నీరు వచ్చుట పలువురు బాలింతలకు కలుగును. సాధారణముగా రెండు వారములలో అది తొలగును. తొలగక, దిగులు పెరిగి, తిండి నిద్రలు పోయి, బిడ్డపై మనసు లగ్నము కాకున్నచో అది జబ్బు. జ్వరమునకు మందున్నట్లే దానికిని చికిత్స కలదు. “బంగారమువంటి బిడ్డ పుట్టగా ఏడ్చుటేల?” అని గద్దించుట చికిత్స కాదు. పుట్టినింటికి పంపి, మూడు నెలలో ఐదు నెలలో బాలింతకు విశ్రాంతి నిచ్చు ఆచారమును పెద్దలు ఊరక పెట్టలేదు. పట్టణములో ఒంటరి కాపురము పెట్టిన యువతికి ఆ నీడ కరవైనది. సుల్తాన్ బజారు చుట్టుప్రక్కల గదులలో అద్దెకుండు గ్రామీణ కుటుంబములలో భర్త ఉదయమే ఆబిడ్సుకో, నాంపల్లికో పనికి పోయిన పిమ్మట, రాత్రివరకు ఆమెకు మాటలాడుటకు మాటలు రాని బిడ్డ యొక్కటే దిక్కు.

తల్లి యొక్కతె మోయలేని భారమును పలువురు కలిసి దించిన చరిత్ర కలదు. మశూచికము సోకినచో అమ్మవారు పోసినదని వేపమండలు కట్టి, తల్లి బిడ్డ ప్రక్కన కూర్చుండి దేవుని వేడుకొనుట తప్ప చేయగలిగిన దేమియు లేని కాలముండెను. టీకాలు వేయువారు ఇల్లిల్లు తిరుగగా 1975 తరువాత భారతదేశమున ఆ వ్యాధి కానరాలేదు; 1980లో ప్రపంచమంతట నశించినదని ప్రకటించిరి. పోలియో సైతము మన దేశమున అంతరించినదని 2014 మార్చిలో ధ్రువీకరించిరి. విరేచనములు పట్టిన బిడ్డకు నీరు మాన్పుట పూర్వపు పొరపాటు. ప్రాణము తీయునది నీరు తగ్గుటయే. 1971లో బంగ్లాదేశ శరణార్థుల శిబిరములో వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఉప్పును చక్కెరవంటి గ్లూకోజును కలిపిన నీటిని త్రాగించి వేలమంది ప్రాణములను నిలిపెను. నేడా పొడి ఆరోగ్య కేంద్రములలో దొరకును. అది చేతికందనిచో లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్నచెంచాల చక్కెర, అర చిన్నచెంచా ఉప్పు, మట్టముగా కొలిచి కలిపి మాటిమాటికి పట్టవలెను, తల్లిపాలు మానరాదు. ఈ చిన్న సూత్రమును గోడపై వ్రాసి పెట్టిన గ్రంథాలయము ఒక బిడ్డ ప్రాణము కాపాడినను తన జన్మము సార్థకమైనట్లే.

సుల్తాన్ బజారు చేరువనే, మాతృత్వమును గూర్చి తలచుకొనదగిన ఇద్దరు స్త్రీల కథ లున్నవి.

మొదటిది ఖైరున్నిసా బేగము కథ. కోఠీలోని పాత రెసిడెన్సీ భవనము తరువాత మహిళా కళాశాలయై, 2022లో మహిళా విశ్వవిద్యాలయమై, 2024లో చాకలి ఐలమ్మ పేరు దాల్చినది. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున అచట బ్రిటిషు రెసిడెంటుగా నున్న జేమ్సు కిర్క్‌పాట్రిక్ హైదరాబాదు ఉన్నత కుటుంబమునకు చెందిన ఖైరున్నిసాను వివాహమాడెను. వారికి ఒక కుమారుడు, ఒక కుమార్తె. 1805లో, నాలుగేండ్ల కుమారుని, మూడేండ్ల కుమార్తెను ఇంగ్లండునకు పంపివేసిరి. ఓడ ఎక్కుటకు ముందు మద్రాసులో చిన్నరీ యను చిత్రకారుడు హైదరాబాదు దుస్తులలో ఆ పిల్లల చిత్రము వ్రాసెను. ఆ సంవత్సరమే కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించెను. తల్లి 1813లో కన్నుమూయువరకు బిడ్డలను మరల చూడలేదు. ఆమెకు దాసీజనమునకు కొదువ లేదు. రాత్రి మేల్కొనవలసిన పనిలేదు. కొంగు పట్టి లాగువారు లేరు. ఆ కొంగు లాగుడుకొరకు ఆమె ఏమి ఈయ సిద్ధపడి యుండెడిదో తల్లులకు చెప్పవలసిన పనిలేదు.

రెండవది నీలోఫర్ రాకుమారి కథ. ఏడవ నిజాము రెండవ కుమారుడైన మొజ్జం జా భార్యగా తురుష్క రాజవంశమునుండి ఆమె 1931లో హైదరాబాదు కోడలైనది. ఆమెకు సంతానము కలుగలేదు. 1949లో ఆమె పరిచారిక ప్రసవవేళ సరియైన వైద్యము లేక మరణించినది. ఆ దుఃఖము రాకుమారిని కదిలించినది. తత్ఫలితముగా నాంపల్లికి సమీపమున రెడ్ హిల్స్‌లో 1953లో తల్లులకు, బిడ్డలకు ఆసుపత్రి వెలసినది. నేటికిని అది ఆమె పేరనే పిలువబడుచు జిల్లాలనుండి వచ్చు పసిబిడ్డలకు ఆశ్రయముగా నున్నది. కడుపున కనినవారే తల్లులు కారనియు, పరుల బిడ్డకు నీడ పట్టుట అందరికిని సాధ్యమనియు ఈ కథ తెలుపుచున్నది.

ఇక కూలినాలి చేసికొను తల్లులు. బాలింతకు వేతనముతో కూడిన సెలవునకై 1961లో చట్టము వచ్చినది. అప్పుడది పండ్రెండు వారములు. 2017లో మొదటి ఇద్దరు బిడ్డలకు ఇరువదియారు వారములు చేసిరి. యాబదిమంది, అంతకు మించి పనిచేయుచోట శిశుపాలన గది యుండవలెననియు విధించిరి. మంచిదే. కాని బజారులో పిన్నులు, గాజులు అమ్మునామెకు యజమాని యెవరు? సెలవిచ్చువా రెవరు? బండి నీడయే ఆమె బిడ్డకు ఊయల. పల్లెలో నాట్లు వేయు తల్లి స్థితియు అట్టిదే. గట్టుమీది చెట్టునకు కట్టిన చీర ఉయ్యాలయే ఆమె శిశుపాలన గది. 1975 అక్టోబరు 2న ఆరంభమైన శిశు అభివృద్ధి పథకముక్రింద ఏర్పడిన అంగన్‌వాడీలు అట్టి తల్లులకు కొంత ఊరట. వానిని సక్రమముగా నడిపించుకొనుట గ్రామస్థుల చేతిలోని పని.

ఇన్ని కష్టములు చెప్పిన పిమ్మట సుఖము మాట చెప్పకపోవుట న్యాయము కాదు. పగలంతయు విసిగించిన పిల్లవాడు రాత్రి తల్లి భుజముపై తల వాల్చి, చెవితమ్మె పట్టుకొని నిద్రించును. మొదటిసారి “అత్త” అని పిలిచినప్పుడు ఇల్లంతయు పరుగెత్తి వచ్చును. తల్లికి జ్వరము వచ్చిననాడు మూడేండ్ల బిడ్డ తన బొమ్మను తెచ్చి ఆమె ప్రక్కలో పెట్టును. ఈ సుఖములు కష్టములకు బదులుగా వచ్చునవి కావు. వాని నడుమనే, ఆ దినముననే, చెప్పక వచ్చునవి. అందుచేతనే ఒక్క దినమును తక్కెడలో పెట్టి తల్లిని తూచరాదు. ఉదయము చెడ్డతల్లిగా కనబడినామె సాయంకాలము మంచితల్లి. నడుమ మారినది ఆమె కాదు, బిడ్డ నిద్ర.

కావున ఇంటివారు చేయవలసినది ఏమి? తండ్రి రాత్రి ఒక జాము బిడ్డను భుజాన వేసికొనిన పరువు పోదు. తల్లికి మూడు గంటల నిద్ర దొరకును. అత్తగారు “మా కాలములో” అనుటకు మారుగా “నీవు స్నానము చేసి రా, నేను పట్టుకొందును” అన్నచో ఆ యొక్కమాట నూరు ఉపదేశముల పెట్టు. రెండవ బిడ్డ పుట్టినప్పుడు పెద్దబిడ్డ మరల పసివాడై పక్క తడిపినచో ఎగతాళి చేయక, దినమున కొంతసేపు వానికే ప్రత్యేకించవలెను. బజారులో ఏడ్చు బిడ్డ కనబడినప్పుడు చూచువారు తీర్పు చెప్పక తల్లి చేతి సంచి అందుకొనవలెను; అదియు చేతకానిచో చూపు మరల్చుకొనవలెను.

గ్రంథాలయము చేయవలసినదియు కలదు. తెలుగు బిడ్డలకై శ్రమించినవారి దారి ఎదుటనే యున్నది. మాడపాటి హనుమంతరావు గారు 1928లో హైదరాబాదున బాలికలకు తెలుగు పాఠశాల పెట్టిరి. ఆ బాలికలే తరువాతి తరమునకు చదువుకొన్న తల్లులైరి. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, అక్కయ్య కామేశ్వరి గారు బాలానందము ద్వారా పిల్లల అల్లరికి ఆటపాటల రూప మిచ్చిరి. 1947లో మద్రాసునుండి వెలువడిన చందమామ నేడు రాకున్నను, పాత సంచికలు గ్రంథాలయములలో పిల్లల చేతులలో నలుగుచునే యున్నవి. ఈ గ్రంథాలయమున వారమున కొక మధ్యాహ్నము రెండు గంటలు తల్లులకు, పిల్లలకు కేటాయింపవచ్చును. చాపలు పరచి, చదువువచ్చిన యువతి యొకతె పిల్లలకు కథ చెప్పుచుండగా తల్లులు పత్రిక చదువుకొనవచ్చును. చదువురాని తల్లి వినవచ్చును. అలసిన తల్లి ఊరక గోడకానుకొని కూర్చుండవచ్చును. పిల్లలు అల్లరి చేయుదురు, పుటలు నలుగును. నలుగనిండు. నలిగిన పుటను అతికించుటకు బంక కలదు.

ఇరువదియైదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయము మొదలైనప్పుడు తల్లుల చంకలలో నున్న బిడ్డలు నేడు ఈ సభలో పెద్దలై కూర్చుండియున్నారు. వారిని ఇంతవారిని చేసిన రాత్రులకు ఏ దినచర్య పుస్తకమునను లెక్కలేదు. స్వర్ణోత్సవము నాటికి ఈ ఊరి తల్లులకు ఆ రాత్రులలో ఒంటరితనము తగ్గినదని చెప్పగలిగినచో, ఈ గ్రంథాలయమునకు అంతకుమించిన నివేదిక అక్కరలేదు. స్వస్తి.